ఇరవై ఏడో షీటులో బీడు

మంగళవారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలు.

మ్యాపుల ఆఫీసులో రికార్డు గది తలుపు తెరిచారు. ఇనుప అరల మీద కట్టలు వరసగా ఉన్నాయి. ఇరవై అయిదు. ఇరవై ఆరు. ఆ పక్కన ఇరవై ఎనిమిది.

ఇరవై ఏడో కట్ట లేదు.

అది ఉండాల్సిన చోట దుమ్ము పట్టని చారెడు జాగా మాత్రం మిగిలింది.

పది నలభైకి ఇన్‌స్పెక్టర్ దిగాడు. స్టేషన్లో ఆయన్ని ‘నత్త’ అంటారు. ఆయన వినేలా కాదు లెండి. మెల్లిగా నడుస్తాడు, మెల్లిగా మాట్లాడతాడు, అడిగిందే మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికి ఎదుటివాడికి విసుగొచ్చి నిజం కక్కేస్తాడని ఆయన హెడ్ కానిస్టేబుల్ నమ్మకం.

"ఏం పోయింది?"

"ఫీల్డ్ కాగితాల కట్ట," అన్నాడు డిప్యూటీ డైరెక్టర్. మనిషి హడావిడి. పని కన్నా పని అయిపోవడం అంటే ఎక్కువ ఇష్టం. "సర్వేకి వెళ్ళినప్పుడు పెన్సిల్‌తో గీసినవి. వాటిని చూసే కంప్యూటర్లోకి ఎక్కిస్తాం."

"కాగితాల కోసం పోలీసులా?"

"అక్కడే ఉంది సార్ అసలు కథ."

కథ ఇదీ. ఊరి చివర రైలు పట్టాల పక్కన ఒక కాలనీ ఉంది. ముప్పై నాలుగు ఇళ్ళు. ఆ స్థలం గోడౌన్లకు కావాలి. మూడేళ్ళ కిందటి సర్వే నాటికే ఉన్న ఇళ్ళు ఉంటాయి, తర్వాత వచ్చినవి పోతాయి అని ఆర్డరు. ఏవి ముందువో తేల్చడానికి విచారణ పెట్టారు. సర్వే నాటికి అక్కడ ఏముందో చెప్పగలిగేది ఒక్కటే. ల్యాండ్‌యూజ్ మ్యాపు, షీటు నంబరు ఇరవై ఏడు.

"ఆ షీటు సర్టిఫైడ్ కాపీ మొన్న శనివారం విచారణ ఆఫీసుకి ఇచ్చాం. అక్కడ కాలనీ లేదు. బీడు ఉంది," అన్నాడు డిప్యూటీ. "నిన్న మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్... అంటే ఆడమనిషే లెండి... గొడవ చేసింది. కాలనీ ఉంది, నా చేత్తో గీశాను, రేపు పదింటికి ఫీల్డ్ కట్ట విప్పి చూపిస్తాను అంది. తీరా చూస్తే కట్టే లేదు."

"రికార్డు గది తాళంచెవి?"

"ఆవిడ టేబుల్ పక్కన మేకుకి వేలాడుతుంది."

"ఓహో."

"ఇంకో ఓహో కూడా ఉంది. ఆవిడ తమ్ముడి ఇల్లు ఆ కాలనీలోనే. కట్ట విప్పితే బండారం బయటపడుతుందని ఆవిడే మాయం చేసింది. చాలా సింపుల్. నాలుగింటికి విచారణ. ఈలోగా మీరు ఆవిడ మీద కేసు రాసేసుకుంటే..."

ఇన్‌స్పెక్టర్‌కి సింపుల్ అనే మాట పడదు. సింపుల్ అన్నవాడు ఏదో ఒకటి దాటేస్తూ ఉంటాడని ఆయన అనుభవం.

"నాలుగింటికి ఇంకా చాలా టైముంది," అన్నాడు.

---

పది యాభై అయిదు.

ఆవిడకి యాభై దాటాయి. మెడలో నల్ల తాడుకి భూతద్దం. ఆఫీసంతా ఆవిడని ‘భూతద్దం’ అనే పిలుస్తారు. ఆవిడ ముందే.

టేబుల్ పక్కన మేకు. మేకుకి తాళంచెవి. దారిన పోయే దానయ్య కూడా తీసుకోవచ్చు.

"నిన్న సాయంత్రం ఎన్నింటికి వెళ్ళారమ్మా?"

"నాలుగున్నరకి. విచారణ ఆఫీసుకే వెళ్ళాను, అర్జీ ఇవ్వడానికి."

"తాళంచెవి?"

"మేకుకే ఉంది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది."

ఎదురుగా గోడ మీద పెద్ద మ్యాపు. పచ్చ, పసుపు, ఎరుపు మచ్చలు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి రైలు పట్టాల పక్కన వేలు పెట్టాడు.

"ఇక్కడ కూడా బీడే ఉంది కదమ్మా?"

"ఇక్కడ ఉంటుంది. షీటులో ఉండకూడదు."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి. నాకు మ్యాపులు రావు."

ఆవిడ నిట్టూర్చింది. "షీటు పదివేల స్కేలు సార్. సెంటీమీటరంటే వంద మీటర్లు. ఈ గోడ మ్యాపు యాభై వేలు. సెంటీమీటరంటే అరకిలోమీటరు. షీట్లలో ఉన్నదంతా తెచ్చి ఇక్కడ కుక్కితే అది మ్యాపవదు, చీమల పుట్టవుతుంది. అందుకే తేలిక చేస్తాం. రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కని పక్కదాంట్లో కలిపేస్తాం. చుట్టూ ఎవరి హద్దు ఎక్కువుంటే వాళ్ళలో. కాలనీ రెండెకరాలు. చుట్టూ బీడు. బీడులో కలిసిపోయింది."

"మనుషులున్న ఇళ్ళని బీడని రాసేస్తారా?"

"అంత దూరం నుంచి చూస్తే ఎవరం కనిపిస్తాం సార్? అందుకే వివరం కావాలంటే షీటు చూడాలి. గోడ మ్యాపు చూసి తీర్పు చెప్పకూడదు."

"ఈ తేలిక చేసే పని మీదేనా?"

"చాలావరకు ప్రోగ్రామ్ చేస్తుంది. చివర్లో నేను కూర్చుని కాస్త సర్దుతాను."

"సర్టిఫైడ్ కాపీ మీరు చూశారా?"

"కాలనీ మూల ఒక్కటి జిరాక్స్ తీసి నా మొహాన కొట్టారు. మిగతా షీటు ముట్టుకోనివ్వలేదు. నేను దిద్దేస్తానట!" ఆవిడ అరచేత్తో బల్ల మీద చరిచింది. అది కోపమే, భయం కాదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆవిడ మీద కొంచెం నమ్మకం కలిగింది. నమ్మకం కలిగినప్పుడల్లా ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు.

"మీ తమ్ముడు ఇల్లు ఎప్పుడు కట్టాడు?"

ఆవిడ చెయ్యి భూతద్దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కాలనీ చాలాకాలంగా ఉంది."

"నేనడిగింది ఇల్లు."

"విచారణలో చెప్తాను."

"ఇల్లు ఎప్పుడు కట్టాడమ్మా?"

"విచారణలో చెప్తానన్నాను కదా సార్."

మూడుసార్లు అడిగినా నిజం రాలేదు. ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించి బయటికొచ్చాడు. ఆవిడ ఏదో దాస్తోంది. ఆ సంగతి గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

---

పదకొండు ఇరవై. కంప్యూటర్ గది.

ప్రోగ్రామర్‌కి నలభై ఉంటాయి. కుర్చీ లాగి వేశాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

"అక్క అలాంటిది కాదు సార్. నేను ప్రమాణం చేసి చెప్తాను. ఇక్కడ చేరినప్పుడు నాకు చెరువుకీ చేనుకీ తేడా తెలీదు. అన్నీ అక్కే చెప్పింది."

"మరి కట్ట ఎవరు తీశారు?"

"ఎలుకలు కొట్టేసి ఉంటాయి సార్."

"దారంతో సహానా?"

ప్రోగ్రామర్ నవ్వాడు. నవ్వు పూర్తి కాకుండానే ఆగిపోయింది.

"సర్టిఫైడ్ కాపీ మీరే తీశారా?"

"సర్వర్లో ఉన్నది ఉన్నట్టు ప్లాటర్ మీద ప్రింట్ కొట్టాను. డైరెక్టర్ గారు సంతకం చేశారు."

"గోడ మ్యాపు తయారుచేసే ప్రోగ్రామ్ మీదేనట?"

ఇప్పుడు ఆయన మొహం వెలిగింది. "నేనే రాశాను సార్. మూడే పనులు. చిన్న ముక్కల్ని కలపడం. అక్కర్లేనివి తీసెయ్యడం. వంకర గీతల్ని నున్నగా చెయ్యడం. బటన్ నొక్కి టీ తాగి వచ్చేలోపు మ్యాపు రెడీ. మనిషి చెయ్యి పడదు. మనిషి చెయ్యి పడితేనే సార్ తప్పులొచ్చేది."

ఇన్‌స్పెక్టర్ ఆ ముక్క నోటుబుక్‌లో రాసుకున్నాడు.

"నిన్న సాయంత్రం?"

"ఆరింటిదాకా ఇక్కడే. ప్లాటర్‌కి కాగితం రోల్ మార్చాను."

హెడ్ కానిస్టేబుల్ చెవిలో అన్నాడు. "సర్వర్ని ల్యాబుకి పంపుదామా సార్?"

"రిపోర్టు ఎప్పుడొస్తుంది?"

"పదిహేను రోజులు."

"ఇళ్ళు పడగొట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

హెడ్ సర్వర్ మీంచి చెయ్యి తీసేశాడు.

డైరెక్టర్ గదిలో పది నిమిషాలు. ముసలాయన. ఒకప్పుడు కలంతో మ్యాపులు గీసిన చెయ్యి. భూతద్దానికి పని నేర్పిన గురువు. కాపీ చూడకుండానే సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు.

"చూడకుండా ఎందుకు పెట్టారు?"

"నమ్మకం."

"ఎవరి మీద?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం గట్టిగా చెప్పాడు. ఇక్కడ గేట్‌పాస్ లేకుండా కాగితం ముక్క బయటికి పోదు. టిఫిన్ డబ్బాలు కూడా తెరిచి చూస్తాడు. నిన్న ఏ కట్టా బయటికి పోలేదు.

అంటే కట్ట ఇంకా ఈ నాలుగు గోడల మధ్యే ఉంది.

---

పన్నెండు పది. కాలనీ.

ఒక పక్క తారు రోడ్డు. రోడ్డు పక్కనే రైలు పట్టాలు. పట్టాలకి అవతల కాలనీ. రోడ్డు పక్క టీ కొట్లో ఇన్‌స్పెక్టర్ గ్లాసు అందుకున్నాడో లేదో గూడ్సు బండి వచ్చింది. బల్ల అదిరింది. సగం టీ చొక్కా మీద పడింది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు చొక్కా తుడుచుకుంటూ.

"రోజుకి పద్దెనిమిది బళ్ళు సార్," అన్నాడు కొట్టువాడు. "అందుకే నేను గ్లాసు నిండా పొయ్యను. మీరు పోలీసులని పోశాను."

ఇన్‌స్పెక్టర్ లేచి రోడ్డు అంచు నుంచి పట్టాల దాకా అంగలు వేశాడు. పదహారు. మళ్ళీ వేశాడు. పదహారే. మూడోసారి వెయ్యబోతుంటే హెడ్ చెయ్యి పట్టుకున్నాడు.

కాలనీ చివరింట్లో తమ్ముడు దొరికాడు. తాపీ మేస్త్రీ. ఇల్లు చిన్నదే కానీ గోడలు చూడముచ్చటగా ఉన్నాయి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు దారం పెట్టి కొలిచినట్టు ఉంది.

"మీరే కట్టుకున్నారా?"

"పగలంతా ఊళ్ళోవాళ్ళకి కట్టి, పొద్దుటే లేచి రెండు గంటలు నాది కట్టుకున్నాను సార్."

"ఏ సంవత్సరం?"

మేస్త్రీ నోరు తెరిచాడు. లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"వదిన గారు చూసుకుంటానన్నారు కదా! మీరు మాట్లాడకండి."

మేస్త్రీ నోరు మూసేశాడు.

జీపు ఎక్కాక హెడ్ అన్నాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారు సార్. ఆవిడే తీసింది. తేలిపోయింది."

ఇన్‌స్పెక్టర్‌కి అదే అనిపిస్తోంది. అనిపించడం ఆయనకి నచ్చలేదు. ఈ కేసులో అందరి వేళ్ళూ ఒకే మనిషి వైపు చూపిస్తున్నాయి. చూపిస్తున్న వాళ్ళలో కనీసం ఒకడి చెయ్యి మాత్రం శుభ్రంగా ఉండదు.

---

రెండు గంటలు.

డిప్యూటీ సణుగుతూనే విచారణ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ తలుపు గడియ పెట్టుకున్నాడు. స్కేలు పెట్టి కొలిచాడు. కొలిచింది కాలనీని కాదు. రోడ్డుకీ పట్టాలకీ మధ్య ఎడం కొలిచాడు.

ఆరు మిల్లీమీటర్లు.

సెంటీమీటరు వంద మీటర్లయితే ఇది అరవై మీటర్లు. పదహారు అంగలు మహా అయితే పన్నెండు మీటర్లు. అరవై మీటర్ల దూరంలో బండి పోతే చొక్కా మీద టీ పడదు.

స్కేలు తిప్పి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఆరే.

రెండు ఇరవైకి పక్క షీటు కావాలన్నాడు. ఇరవై ఎనిమిది. ఆ కేసుతో సంబంధం లేని షీటు.

రెండు నలభైకి అందరినీ గోడ మ్యాపు ముందు కూర్చోబెట్టాడు. డైరెక్టర్. డిప్యూటీ. ప్రోగ్రామర్. భూతద్దం. తలుపు దగ్గర హెడ్.

"విచారణకి గంటా ఇరవై నిమిషాలుంది," అన్నాడు డిప్యూటీ.

"సరిపోతుంది. ఈ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టండి డైరెక్టర్ గారూ. అంచుకి అంచు."

ముసలాయన పెట్టాడు. ఇరవై ఏడు కుడి అంచు, ఇరవై ఎనిమిది ఎడమ అంచు. పట్టాలు చక్కగా కలిశాయి. వాగు కలిసింది.

రోడ్డు కలవలేదు.

ఇరవై ఏడులో రోడ్డు అంచుదాకా వచ్చి గాలిలో ఆగిపోయింది. ఇరవై ఎనిమిదిలో రోడ్డు అయిదు మిల్లీమీటర్ల కింద మొదలైంది.

"ఈ రోడ్డు మీద బస్సు వెళ్ళాలంటే ఇక్కడికొచ్చాక యాభై మీటర్లు పక్కకి గెంతాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మన డ్రైవర్లు అంత పని చేయగలరా?"

భూతద్దం అద్దం తీసి షీటు మీదికి వంగింది. ఒక్క నిమిషం. తల ఎత్తింది.

"ఇది నా షీటు కాదు. గోడ మ్యాపు సార్ ఇది! గోడ మ్యాపుని అయిదు రెట్లు సాగదీశారు."

"ఎలా చెప్పగలరు?"

"రోడ్డు అలా జరిపింది నేనే. చిన్న స్కేల్లో రోడ్డూ పట్టాలూ ఒకదాని మీదొకటి పడి నల్లగా అలుక్కుపోతాయి. రెండూ కనిపించాలని, ప్రోగ్రామ్ పనంతా అయ్యాక, రోడ్డుని ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిపాను. చేత్తో. పెద్ద షీటులో ఆ అవసరమే ఉండదు."

"చివర్లో కాస్త సర్దుతానన్నారు. ఇదేనా?"

"ఇదే."

"ఈ సర్దుడు ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అన్నాడు డైరెక్టర్. "నేనే నేర్పాను. చూడని పాపం నాది. చూసి ఉంటే ఒక్క చూపులో పట్టేవాణ్ణి."

"అదీ లెక్క," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ దొంగ షీటు చేసినవాడికి పని బాగా తెలుసు. గోడ మ్యాపులో కలిసిపోయిన చిన్న ముక్కల్ని ఊహించి మళ్ళీ పుట్టించాడు. నున్నగా ఉన్న గీతలకి మళ్ళీ వంకర్లు పెట్టాడు. ప్రోగ్రామ్ చేసే పనులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. రోడ్డు ఒక్కటీ వదిలేశాడు. ఎందుకంటే రోడ్డు జరుగుతుందని వాడికి తెలీదు. డైరెక్టర్ గారైతే రోడ్డుని వెనక్కి జరిపేవారు. ఈ అమ్మ అయితే కళ్ళు మూసుకుని జరిపేది. డిప్యూటీ గారికి మౌస్ పట్టుకోవడానికే ఇద్దరు మనుషులు కావాలట."

డిప్యూటీ అభ్యంతరం చెప్పబోయి, ఇదే మంచిదని ఊరుకున్నాడు.

"ఇక మిగిలింది ఎవరు? మ్యాపు మీద మనిషి చెయ్యి పడదని పొద్దున నాకు చెప్పినాయన."

అందరూ ప్రోగ్రామర్ వైపు తిరిగారు. ఆయన గోడ మ్యాపునే చూస్తున్నాడు. ఆ రోడ్డుని. ఆ ఒక్క మిల్లీమీటరుని.

"అక్కా, నువ్వు జరిపావా?" అన్నాడు చాలా మెల్లిగా. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదు."

"ఎవరు చేయమన్నారు? గోడౌన్ల వాళ్ళా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరూ కాదు సార్. గోడౌన్లూ తెలీదు, కాలనీ తెలీదు." ఆయన చేతులు ముడుచుకున్నాడు. "పోయినేడు గోడ మ్యాపు కోసం ప్రోగ్రామ్ రన్ చేశాను. తేలిక చేసిన ఇరవై ఏడుని వేరే పేరుతో సేవ్ చెయ్యాలి. పాత పేరుతోనే సేవ్ చేశాను. అసలు షీటు మీద. ఒక్క నొక్కుడు. అక్క ఎనిమిది నెలల పని తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ తీసి చాలా రోజులైంది. అది కూడా నా పనే."

"చెప్పాల్సింది."

"రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. ఏడాది అయింది. పదిరోజుల్లో ఇరవై ఏడో షీటు పంపమని ఉత్తరం వచ్చింది. అందులో షీటు నంబరు తప్ప ఇంకేమీ లేదు. గోడ మ్యాపులోంచి ఆ ముక్క తీసి, పిండిని మళ్ళీ గింజలు చేద్దామని కూర్చున్నాను. నిన్న అక్క కట్ట విప్పుతానంది. నాలుగు యాభైకి మేకు మీంచి తాళంచెవి తీశాను."

"కట్ట ఏది?"

"ప్లాటర్ పక్కన కాగితం రోల్ వచ్చిన అట్టపెట్టెలో. చింపుదామనుకున్నాను సార్. ప్రతి కాగితం మీదా అక్క చేతిరాత. చింపలేకపోయాను."

హెడ్ అప్పటికే పరిగెత్తాడు.

భూతద్దం లేచి ప్రోగ్రామర్ ముందు నిలబడింది. చెంప పగలగొడుతుందనుకున్నారంతా. "ఏడాది పాటు నాతో కూర్చుని టిఫిన్ తిన్నావు కదరా," అంది. ప్రోగ్రామర్ ఏడ్చేశాడు.

---

నాలుగు గంటల అయిదు నిమిషాలు.

విచారణ అధికారి బల్ల మీద ఫీల్డ్ కాగితం పరిచారు. పెన్సిల్ గీతలు, మూలన తేదీ, డైరెక్టర్ సంతకం. రైలు పట్టాలకి అవతల చిన్న చిన్న నలుచదరాలు.

హాలు వెనక కాలనీ వాళ్ళు కిక్కిరిసి నిలబడ్డారు. తమ్ముడు, అతని భార్య ముందు వరసలో ఉన్నారు.

అధికారి పెన్ను మొనతో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ముప్పై మూడు. కానీ అక్కడున్నవి ముప్పై నాలుగు కదా?"

ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడు అర్థమైంది, పొద్దున ఆవిడ ఏం దాచిందో.

భూతద్దం ముందుకొచ్చింది. కాగితం మీద వరస చివర, ఖాళీ జాగాలో వేలు పెట్టింది.

"ఇక్కడిది సార్. సర్వే అయిన ఏడు నెలలకి కట్టింది. మా తమ్ముడిది."

ముప్పై మూడు ఇళ్ళు నిలబడ్డాయి. జనం కేకలు వేశారు, ఏడ్చారు, ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. తమ్ముడి భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

మెట్ల మీద తమ్ముడు అక్కకి ఎదురు నిలబడ్డాడు.

"అక్కా, కట్ట నీ అందుబాటులోనే ఉంది కదే మూడేళ్ళు. పెన్సిల్ నీ చేతిలోనే ఉంది. ఒక్క చుక్క పెడితే ఎవరికి తెలిసేది?"

"నాకు తెలిసేది. రేపు ఎవడో ఆ ఒక్క చుక్క పట్టుకునేవాడు. అప్పుడు ఆ ముప్పై మూడూ అబద్ధమయ్యేవిరా."

"చూసుకుంటానన్నావు."

"నా ఇల్లుంది. ముందు గది మీకిచ్చేస్తాను. ఇంతకన్నా చూసుకోవడం నాకు చేతకాదు." ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోలేదు.

తమ్ముడు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"సార్, పడగొట్టేవాళ్ళు మీతోనే వస్తారా?"

"గడువు ఇస్తారు. పదిహేను రోజులు."

"బుల్‌డోజర్ వద్దని చెప్పండి. ఇటుకలు పగులుతాయి. నేనే విప్పుకుంటాను."

అక్క మెట్లు దిగి తమ్ముడి పక్కకి వచ్చింది. "పద. ఇటుకలు నేను అందుకుంటాను," అంది.